నాలుగవ సున్న

తెలుగు పండితునికి భాషలో సున్నలు రెండే: నిండుసున్న, అరసున్న. జవాబుపత్రం మీద ఎర్రసిరాతో పెట్టవలసి వచ్చేది మూడవది. నాలుగవ సున్న కూడా ఒకటి ఉన్నదనీ, అది కనబడితే కొందరు ఊపిరి పీల్చుకొంటారనీ 2020లో మా మేనకోడలు చెప్పేవరకు నాకు తెలియదు.

మహమ్మారి కారణంగా ఆ ఏడు హైదరాబాదులో ఆమె కార్యాలయం మూతపడింది. కవిటిలోని మా ఇంటికి వచ్చి, కొబ్బరితోట వైపు వసారాలో బల్ల వేసుకొని రాత్రిళ్ళు పనిచేసేది. ఏదో విదేశీ బ్యాంకు వాడే సాఫ్ట్‌వేరులో బ్యాచ్ జాబులను పరీక్షించడం ఆమె ఉద్యోగం. నిద్రపట్టని ముసలివాణ్ణి గనుక నేనూ పక్కన కుర్చీ వేసుకొని కూర్చునేవాణ్ణి.

"బ్యాచ్ జాబ్ అంటే ఏమిటి తల్లీ?" అని ఒకనాడు అడిగాను.

"మావయ్యా, మీరు పరీక్ష పేపర్లన్నీ దిద్ది, ఒక్కో పేపరుకు ఒక్కోసారి కాకుండా చివర ఒకేసారి మార్కులన్నీ రిజిస్టరులో ఎక్కించేవారు కదా! అలాంటిదే" అన్నది.

పగలంతా జరిగిన జమలు, ఖర్చులు, చెక్కులు కుప్పగా పోగుపడతాయి. రాత్రి మనిషి చేయి తగలకుండా వాటిని వరుసగా లెక్కలోకి ఎక్కించి, వడ్డీలు కట్టి, జీతాలు ఖాతాలలో వేసి, తెల్లవారేసరికి కొత్త నిల్వలు చూపే పనుల సమూహమే ఇది. ఒక పని ముగిస్తేనే రెండవది మొదలవుతుంది. మొదటిదాని ఫలితమే రెండవదానికి ముడిసరుకు. ఆమె పనిచేసే మెయిన్‌ఫ్రేము యంత్రంలో ప్రతి పనీ ముగియగానే ఒక అంకెను వదలి వెళుతుంది. సున్న అయితే ఆటంకం లేకుండా ముగిసినట్లు. నాలుగు అయితే హెచ్చరిక. అంకె పెరిగేకొద్దీ ఆపద పెరిగినట్లు.

తెరమీద సున్న పడింది. "ఇక పడుకో" అన్నాను.

"సున్న వస్తే పని ముగిసిందని అర్థం మావయ్యా, సరిగా జరిగిందని కాదు. నా పని ఇప్పుడే మొదలవుతుంది" అన్నది.

గణాలు కుదిరి, యతిప్రాసలు చెడకుండా, అర్థం మాత్రం పూజ్యమైన పద్యాలు నేను ఎన్నో చూశాను. ఆమె మాట వెంటనే బోధపడింది. కానీ ఆ రాత్రి నాకు నిద్రపట్టకపోవడానికి కారణం పద్యం కాదు.

అది 1988. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. ఏడవ తరగతి తెలుగు మార్కులు జాబితాలో ఎక్కించే పని నాకు అప్పగించారు. పత్రాలు నంబర్ల వరుసలోనే ఉన్నాయి కదా అని తోటి ఉపాధ్యాయుడు మార్కులు మాత్రం చదువుతూ ఉంటే నేను వ్రాసుకొంటూ పోయాను. పరీక్షకు రానివాడు ఒక్కడే, అతని నంబరు 23. నేను 32 అనుకొన్నాను. ఆ విధంగా 24వ వాని మార్కులు 23వ వాని గళ్ళో పడ్డాయి, 25వ వానివి 24వ గళ్ళో పడ్డాయి. అట్లా ఒక్కొక్క గడి పైకి జరుగుతూ 32 దగ్గరకు వచ్చి, అక్కడ గైర్హాజరు అని వ్రాయగానే లెక్క మళ్ళీ దారిన పడింది. మొత్తం కూడితే సరిపోయింది. హాజరైనవారి సంఖ్యా సరిపోయింది. ప్రధానోపాధ్యాయులు సంతకం చేశారు. నా జాబు సున్నతో ముగిసింది.

బడి తెరిచిన వారంలో 32వ నంబరు పిల్లవాని తండ్రి వచ్చి, "మా వాడు పరీక్ష రాశాడు బాబూ, రాలేదని రాశారేటి?" అని అడిగాడు. కట్ట విప్పి చూస్తే పది వరుసలు తప్పు. అసలు పరీక్షకే రానివాడు ఉత్తీర్ణుడయ్యాడు. 28వ నంబరు పిల్లవానికి వచ్చినవి 61 మార్కులు. నేను వ్రాసినవి 14. దిద్దిన జాబితా పట్టుకొని వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తప్పాడు కదా, ఇక చదువెందుకని వాళ్ళ చిన్నాన్న వాణ్ణి విశాఖలో ఓడ ఎక్కించి అండమాను తీసుకుపోయి అప్పటికి పదిహేను రోజులైంది. మా ఉద్దానంలో వలస వెళ్ళడం వింత కాదు. కానీ ఆ వలసకు నా చేతివ్రాత కారణం.

ఈ కథ మా మేనకోడలికి మరునాటి రాత్రి చెప్పాను. ఆమె ఓదార్చలేదు. కాగితం తీసుకొని, "మొత్తం కూడడం చాలదు మావయ్యా. ప్రతి నంబరునూ దాని మార్కుతో గుణించి, ఆ లబ్ధాలను కూడి చూడండి" అన్నది. ఒకటవ వానికి 50, రెండవ వానికి 40 అనుకొందాం. తారుమారైనా మొత్తం 90యే. గుణించి కూడితే మొదట 130, తారుమారైతే 140. ముప్పది రెండేళ్ళ తరువాత నా తప్పును రెండు వరుసలలో పట్టి చూపింది!

ఆమె పరీక్షలన్నీ ఇట్లాంటివే. ఖాళీ కట్ట ఇచ్చి చూస్తుంది. ఒకే కట్టను రెండుసార్లు ఇచ్చి, రెండవసారి జీతం మళ్ళీ పడుతుందేమో చూస్తుంది. పని సగంలో ఉండగా కావాలని ఆపి, తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆగినచోటి నుండే సాగుతుందా అని చూస్తుంది. కట్ట చివరి వరుసలో ఉండే సంఖ్యను, మొత్తాన్ని చెరిపి ఇస్తుంది. నెలాఖరును, ఫిబ్రవరి 29ని తెచ్చిపెడుతుంది. ఒక చెడ్డ వరుసను నడుమ దూర్చి, అది విడిగా పక్కకు పోతుందా, తక్కినవాటినీ చెడగొడుతుందా అని చూస్తుంది. అన్నిటికంటె ముఖ్యమైనది, పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ కొంతకాలం జంటగా నడిపి, వరుసకు వరుస పోల్చడం.

ఇదంతా అతిజాగ్రత్త అనుకొనేవారు 2012 జూన్‌లో బ్రిటన్‌లో జరిగినది గుర్తుచేసుకోవాలి. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ సమూహంలో రాత్రి పనుల వరుసను నడిపే సాఫ్ట్‌వేరుకు కొత్త రూపం ఎక్కించారు. ఇబ్బంది కనబడగానే, పర్యవసానం ఏమవుతుందో ముందుగా పరీక్షించకుండానే దానిని తొలగించారు. వరుస చెదరిపోయింది. 65 లక్షలకు పైగా ఖాతాదారులు చిక్కుల్లో పడ్డారు. అల్‌స్టర్ బ్యాంకు వారి అవస్థ వారాల తరబడి సాగింది. తప్పు హైదరాబాదులోని ఉద్యోగులదని అప్పట్లో పత్రికలలో వచ్చింది. ఆ వ్యవస్థను చూసేది ఎడింబరోలోని తమ బృందమేనని బ్యాంకు అధిపతి పార్లమెంటు సంఘానికి వ్రాశారు. 2014లో నియంత్రణ సంస్థలు 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి.

అంత దూరం పోనక్కరలేదు. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు, ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చింది. పత్రం మళ్ళీ చూస్తే 99! గళ్ళు నింపే చోట మూల్యాంకనం చేసినవారి చేయి పొరబడింది. యంత్రం దానిని శ్రద్ధగా ఎక్కించింది. తొమ్మిది లక్షలకు పైగా వరుసలలో, ఇంతకుముందు మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లకు ఒక్కసారిగా సున్న ఎందుకు వచ్చిందని ఆగి అడిగే అడ్డుగోడ లేకపోయింది. ఆ వారాలలో విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు రాష్ట్రాన్ని కుదిపివేశాయి. తరువాత పునఃపరిశీలన ఫలితాలను మరొక సంస్థ చేత కూడా సమాంతరంగా లెక్క కట్టించారు. ఆ జంట నడక ముందే నడవవలసింది. ఆ వార్త చదివిననాడు ఆ చేయి నాదే అనిపించింది.

అంతకు కొద్దినెలల ముందు, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటలను పడగొట్టినప్పుడు, కూలిన చెట్లను చూసుకొనడానికి 28వ నంబరువాడు అండమాను నుండి వచ్చాడు. నలభై దాటిన మనిషి. "మేష్టారూ" అని నమస్కరించాడు. నిజం చెప్పాను. నీకు వచ్చినవి 61 అన్నాను. కొంతసేపు నేలమీది కొబ్బరిమట్టను చూస్తూ ఉండి, "మరి ఆ 14 ఎవరివి మేష్టారూ?" అని అడిగాడు.

29వ వానివి. వాడు నా జాబితాలో ఉత్తీర్ణుడై, వేసవి అంతా ఆనందించి, జూన్‌లో తప్పాడు. ఆ సంగతి నేను ముప్పయి ఏళ్ళలో ఒక్కనాడూ తలచుకోలేదు. నష్టపోయినవాని వరుసే చూశాను గాని, దాని పక్క వరుస చూడలేదు.

మా ప్రాంతంలో మూత్రపిండాల జబ్బుతో డయాలసిస్ చేయించుకొంటున్నవారు నెలనెలా పింఛనుకు ఎదురుచూస్తారు. వాళ్ళ పేర్లూ ఎక్కడో ఒక జాబితాలో వరుసలే. ఒక వరుస జారితే యంత్రానికి తెలియదు, తలుపు దగ్గర కూర్చున్నవానికి తెలుస్తుంది.

మా మేనకోడలు తిరిగి హైదరాబాదు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు తన పరీక్షల పట్టికలో ఒకటి చేర్చినట్లు చెప్పింది: ఒక గైర్హాజరు, పది వరుసల జరుగుబాటు, మొత్తంలో మార్పు లేదు. ఆ పరీక్షకు ఆమె పెట్టుకొన్న పేరు "మావయ్య 23". అందులో మొదటిసారి ప్రోగ్రాము సున్ననే తెచ్చిందట. దానిని దిద్దించడానికి నాలుగు రోజులు పట్టిందట.

ఈ వృత్తిలో ఉన్న మిత్రులు నేను యంత్రం గురించి వ్రాసినదానిలో పొరపాట్లు ఉంటే నిర్మొహమాటంగా చెప్పగలరు. దిద్దుబాటుకు ఆలస్యం చేయను.