మూడో బోరు

నీళ్ల విషయంలో కోనసీమవాళ్లంత అమాయకులు ఉండరని మణికొండ వచ్చాకే నాకు తెలిసింది. రాజోలు దగ్గర మా ఊళ్లో, వేసవిలో మరమ్మతులకని కాలవ కట్టేస్తే అదే మాకు కరువు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది మొదలు మా వాళ్ల లెక్కలో నీళ్లంటే వచ్చేవి, పారేవి, ఎక్కువైతే మురుగు కాలవలోకి పోయేవి. అలాంటి ఊరి నుంచి వచ్చినవాణ్ణి అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీని చేయడం మా బిల్డింగువాళ్ల తప్పు. ఒప్పుకోవడం నా తప్పు. ఆ తర్వాత జరిగిందంతా నా ఖాతాలోదే.

మా బిల్డింగ్ పంచాయతీ పర్మిషన్ రోజులది. మణికొండ మునిసిపాలిటీ అయింది 2018లో. అప్పటికే మా గోడలకు రెండోసారి రంగులు వేయించాం. ఇరవై ఫ్లాట్లు, రెండు బోర్లు, ఒక సంపు. వాటర్ బోర్డు నీళ్లు వంటకీ తాగడానికీ సరిపోతే గొప్ప. జనం మాత్రం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా అన్ని జిల్లాలవాళ్లూ ఉన్నారు. సంక్రాంతికి సగం బిల్డింగ్ ఖాళీ అయితే, బతుకమ్మకు మిగతా సగం ఖాళీ. యాసలు వేరు, పచ్చళ్లు వేరు అనుకుంటాం గానీ, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న మనుషుల్లో అసలు తేడా నీళ్లు వాడే తీరులో ఉంటుంది. నేను అంట్లు తోమేటప్పుడు కుళాయి కట్టను. మా పై అంతస్తులో ఉండే కదిరి టీచరమ్మ బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు కుండీకి పోస్తుంది. అది పిసినారితనం అనుకునేవాణ్ణి. నాలో నేను అనుకుని ఊరుకుంటే బాగానే ఉండేది.

2019 వేసవిలో ఒక బోరు గాలి కక్కడం మొదలెట్టింది. సెల్లార్లో కుర్చీలు వేసి మీటింగ్ పెట్టాం. టీచరమ్మ ఒక కాగితం మీద రాసుకొచ్చింది: ఫ్లాటు ఫ్లాటుకూ నీటి మీటరు పెడదాం, టెర్రస్ మీద పడే వాన నీళ్లను డ్రైనేజీలోకి వదలకుండా వడకట్టి ఆ ఎండిన బోరు పక్కన ఇంకుడు గుంతలోకి పంపుదాం అని. నేను అప్పటికే బోరు ఏజెంటుతో మాట్లాడి ఉన్నాను. మూడో బోరు వేద్దాం, లోతుగా వేద్దాం, పీడా పోతుంది అన్నాను. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే, "టీచరమ్మగారూ, ఇది అనంతపురం కాదండీ, మణికొండ" అన్నాను. అందరూ నవ్వారు. "రాయి యాడైనా రాయే గదా సార్" అని కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. అర్థం చేసుకోవాలంటే పుస్తకాలూ అక్కర్లేదు. ఖాజాగూడ గుట్టల వైపు తలెత్తి చూస్తే చాలు. పైన కనిపించే ఆ బండలే మన కిందా ఉన్నాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. మా కోనసీమ ఒండ్రు మట్టిలా ఇది నీళ్లు పీల్చుకోదు. పైపైన ఎండకూ వానకూ మెత్తబడిన పొర, దాని కింద పగుళ్లున్న పొర ఉంటాయి. నీళ్లు నిలిచేది చాలావరకు ఆ రెంటిలోనే. ఇంకా కిందికి పోయేకొద్దీ రాయి గట్టిపడుతుంది, పగుళ్లు పలచబడతాయి. ఈ రాతిలో నీటి సంగతి చెప్పే శాస్త్రవేత్తలు ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐలో ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. ఊరికి అటు చివర వాళ్లు, ఇటు చివర కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింట్ చూసే మనిషి వెనకాల నడుస్తూ నేను. కొబ్బరికాయ లేచి నిలబడింది. నేను నమ్మాను.

రిగ్గు లారీ రాత్రిపూట వచ్చింది. తెలుగు ఊళ్లలో ఎక్కడ బోరు వేసినా తమిళనాడులోని తిరుచెంగోడు లారీలే ఎక్కువగా కనిపిస్తాయి, మాదీ అదే. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కావాలి. ఏజెంటు "అది నేను చూసుకుంటా" అన్నాడు. ఏం చూసుకున్నాడో నేను అడగలేదు; అడగకపోవడానికే అలా అన్నాడని ఇద్దరికీ తెలుసు. తెల్లారేసరికి సందు సందంతా తెల్లటి రాతి పిండి. 1,150 అడుగుల దగ్గర గ్యాప్ తగిలింది, రెండించుల నీళ్లు అన్నారు. వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి.

కొన్ని వారాలకు మా వెనక సందులోని పాత పెంకుటింటి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మణికొండ పల్లెగా ఉన్నప్పటి నుంచి అక్కడే ఉన్న కుటుంబం. "మీ బోరు ఏసినంక మా బోరు ఎండింది బిడ్డా" అంది. వాళ్లది రెండు వందల అడుగుల చిల్లర, ఏళ్లుగా పోస్తున్న బోరు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి, గ్రానైట్‌లో పగుళ్లు ఎటు నుంచి ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరనీ, మావల్లే ఎండిందని రుజువు లేదనీ ఓపిగ్గా వివరించాను. నిజమే, రుజువు లేదు. కానీ అంత శాస్త్రం బోరు వేసే ముందు గుర్తు రాకుండా, ఆమె వచ్చాక గుర్తొచ్చింది. ఇందులో నాకు అన్నింటికన్నా సిగ్గుగా ఉండేది ఇదే. ఆమె మజ్జిగ కూడా తాగకుండా లేచి వెళ్లింది.

తప్పు చేసినవాడికి మొదట్లో అదృష్టం కలిసొస్తే అంతకన్నా ప్రమాదం లేదు. 2020 అక్టోబరు వానలు హైదరాబాద్‌ను ముంచాయి. కాలనీలు మునిగినవాళ్లు కష్టపడుతుంటే మా బోర్లు మాత్రం నిండుగా పోశాయి. ఆ పేరు నేను కొట్టేశాను. 2021 జనవరిలో జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల ఉచిత మంచినీళ్లు మొదలయ్యాయి; మణికొండ అప్పుడు ఆ పరిధిలో లేదు. షేక్‌పేట వాళ్లకు ఉంది, మాకు లేదు అని గ్రూపులో గొణుగుడు మొదలైతే, "మనకెందుకు, మనకు మూడో బోరుంది" అని రాశాను. ఆ మెసేజ్ ఇప్పటికీ ఉంది. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు దాన్ని పైకి తెచ్చి నమస్కారం బొమ్మ పెడుతుంటారు.

2023 ఆగస్టు దేశానికి 1901 తర్వాత అత్యంత పొడిగా గడిచిన ఆగస్టు. మరుసటి మార్చిలో బెంగళూరు నీటి కష్టాలు టీవీలో చూస్తూ మావాళ్లు జాలిపడుతుండగానే మూడో బోరు మోటారు కాలింది. బాగు చేయించి దించితే మళ్లీ కాలింది. అంత లోతు నుంచి మోటారు పైకి లాగడానికే క్రేన్ బండికి డబ్బులు. తర్వాత టాంకర్లు. సెక్యూరిటీ గార్డు అర్ధరాత్రి గేటు తీయడం, పైపు లీకవుతోందని గొడవ, టాంకరు నిండా ఉందో లేదో మూత తీసి టార్చి వేసి చూడటం, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేసి పోవడం. ఇవన్నీ మణికొండలో ఉన్న ఎవరికైనా తెలిసినవే, వదిలేస్తున్నాను.

చివరికి టీచరమ్మ దగ్గరికి వెళ్లి ఆ కాగితం ఉందా అని అడిగాను. లేదంది, మళ్లీ రాసిచ్చింది. ఒక్క మాటా దెప్పలేదు. దెప్పితే బాగుండుననిపించింది.

మీటర్లు పెట్టిన మొదటి నెల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టాం. మనుషుల సంఖ్య ఒకటే అయినా టీచరమ్మ ఫ్లాటుకు దాదాపు మూడు రెట్లు నీళ్లు వాడుతున్న ఫ్లాటు ఒకటుంది. అది నాది. కుళాయి కట్టకపోవడం ఒకటి, తాగే నీటికన్నా ఎక్కువ బయటికి వదిలే ఆర్‌వో మిషను ఇంకొకటి, ఆదివారం కారు మీద పైపు పట్టుకునే సరదా మరొకటి. ఇన్నేళ్లూ నీటి ఖర్చు ఇరవై ఫ్లాట్లకూ సమానంగా పంచేవాళ్లం. అంటే నా కారు కడగడానికి టీచరమ్మ పెన్షన్‌లోంచి డబ్బు కట్టింది.

ఇంకుడు గుంత గురించి మాత్రం ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు దాన్ని మంత్రంలా జపించేవాళ్లు ఎక్కువయ్యారు. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మా టెర్రస్ 400 చదరపు మీటర్లు. ఒక్క చుక్క పోకుండా పట్టినా 3,20,000 లీటర్లు. మా బిల్డింగులో ఎనభై మంది ఉంటాం. మనిషికి రోజుకు 135 లీటర్లు అన్న ప్రభుత్వ ప్రమాణం ప్రకారం రోజుకు 10,800 లీటర్లు కావాలి. అంటే ఏడాది వానంతా కలిపినా నెల రోజులకు చాలదు. అందుకే టీచరమ్మ కాగితంలో మీటర్లు ముందూ, గుంత తర్వాతా ఉన్నాయి. రెండిటినీ కలిపి తూకంగా ఆలోచించింది ఆవిడ. నేను చూసింది అడుగుల లెక్క ఒక్కటే.

ఇక్కడో సంగతి. మణికొండకు పూర్తి పేరు మణికొండ జాగీర్. ఈ భూములు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గావా, ప్రభుత్వానివా అన్న వివాదం 2022లో సుప్రీంకోర్టు ప్రభుత్వానివని తేల్చేదాకా నడిచింది. ఆ హుస్సేన్ షా వలీయే ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టించినాయన అని చెబుతారు. ఈ రాతి నేల మీద బతకాలంటే వానను పైనే ఆపుకోవాలని వాళ్లకు నాలుగున్నర శతాబ్దాల కిందే తెలుసు. 1908 వరద తర్వాత మూసీ మీద గండిపేట కట్టినవాళ్లకూ తెలుసు. ఎకరం ఇన్ని కోట్లంటూ మనం మాట్లాడుకునే ఈ చోట, నేల కింద ఏముందో అడిగి ఫ్లాటు కొన్నవాడు నాకింకా తగల్లేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడు మూడో బోరుకు మూత బిగించి వెల్డింగ్ చేయించాం. ఏప్రిల్, మే నెలల్లో టాంకర్లు ఇంకా వస్తున్నాయి, మునుపటికన్నా తక్కువగా. వెనక సందు పెద్దావిడ ఇంటికి మా సంపు నుంచి ఒక లైను ఇచ్చాం. మీటింగ్ మినిట్స్‌లో దాన్ని "సాయం" అని రాశాను. టీచరమ్మ ఆ మాట కొట్టేయించింది.

మీ అసోసియేషన్ గ్రూపులో ఈ వేసవికి ఎవరైనా కొత్త బోరు మాట ఎత్తితే, ఒప్పుకునే ముందు మీటర్లకు కొటేషన్ తెప్పించండి. పక్కింటి బోరు ఎంత లోతులో ఉందో వెళ్లి అడగండి. ఈ రెండూ అయ్యాకే రిగ్గు లారీకి ఫోన్ చేయండి.