లతోనా కప్పలు

వెర్సాయ్ తోటలో ఫౌంటెన్లకి నీళ్లు వదిలిన రోజున వెళ్లాను. లతోనా ఫౌంటెన్ ముందు అందరూ ఫోటోలు దిగుతున్నారు. నా చూపు మాత్రం ఒక బంగారుపూత బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఒళ్లు మనిషిదే, ముఖం అప్పటికే కప్పది.

కథ ఓవిడ్ చెప్పింది. ఇద్దరు పసిబిడ్డలతో ఎండలో నడిచొచ్చిన లతోనా, లిసియాలో ఒక చెరువు దగ్గర దాహంతో వంగుతుంది. ఊరివాళ్లు తాగనివ్వరు. పైగా నీళ్లలోకి దిగి బురద రేపుతారు. ఎప్పటికీ అందులోనే పడి ఉండమని శపిస్తుంది. కప్పలైపోతారు. మార్సీ అన్నదమ్ములు చేసిన ఈ బొమ్మల్ని 1687-89లో పాలరాతి అంచెల మీదికి ఎక్కించారు.

మాది జహీరాబాద్. నాకు పన్నెండేళ్లప్పుడు ఒక ఎండాకాలం మా గల్లీలో బోర్లన్నీ ఎండిపోయాయి, మాది తప్ప. ఎవరడిగినా మోటరు కాలిపోయిందని చెప్పమంది అమ్మ. ఒక మధ్యాహ్నం చంకలో బిడ్డతో ఒకామె గేటు దగ్గర ఆగింది.

"జర గిన్ని నీళ్లు పోస్తవా బిడ్డా?"

మోటరు కాలిందన్నాను. వెనక తొట్టిలో నీళ్లు పడుతున్న చప్పుడు ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ఆమె ఏమీ అనలేదు. బిడ్డ తల మీద కొంగు కప్పుకుని వెళ్లిపోయింది.

మా దగ్గర ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడి గుడి ఉంది. అక్కడి గుండంలో నీళ్లు తగిలి కుపేంద్ర రాజు చర్మరోగం పోయిందని స్థలపురాణం. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో. ఆ కథలో నీళ్ల దగ్గరికి వచ్చింది రాజు. ఎవరు కాదంటారు?

వెర్సాయ్‌లోనూ నీళ్లకి కరువే. సెయిన్ నది నుంచి ఎత్తిపోయడానికి 1684లో 14 చక్రాల యంత్రం పెట్టినా పద్నాలుగో లూయీ తోటకి చాలలేదు. రాజు నడిచొస్తుంటే పనివాళ్లు ఈల వేసి ముందున్న ఫౌంటెన్ తిప్పేవాళ్లు, ఆయన దాటగానే కట్టేసేవాళ్లు. వాళ్లు నీళ్లు లేవన్న సంగతి దాచారు. మేము ఉన్నాయన్న సంగతి దాచాం.

ఫౌంటెన్లో కప్పల నోళ్లలోంచి నీళ్లు పైకి చిమ్ముతున్నాయి, లతోనా వైపే. అప్పుడు ఇవ్వనన్న నీళ్లు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసి ఆమె గుర్తుందా అని అడిగాను.

"ఎవరో ఏమో. ఆ యేడు మస్తుమంది వచ్చిండ్రు గద," అంది.