సంతకం పెట్టలేని ఫోటో

పురుగుల ఫోటోలు తీయడం నా జీవనోపాధి. రైతులకు పంచే కరపత్రాలకు, పంచాయతీ గోడల మీద అంటించే పోస్టర్లకు, చీడపీడల పుస్తకాలకు బొమ్మలు తీసిస్తాను. పెళ్లి ఫోటోగ్రాఫర్‌ పెళ్లివారిని మెప్పిస్తే చాలు. నాకు అలా కుదరదు. తోటి ఫోటోగ్రాఫర్లు, కీటక శాస్త్రవేత్తలు, రైతులు ఒకే ఫోటో గురించి మూడు రకాలుగా మాట్లాడతారు, ముగ్గురి మాటా నాకు కావాలి.

2018లో కత్తెర పురుగు మన దేశంలో అడుగుపెట్టింది. అమెరికా ఖండాల పురుగు. మే నెలలో కర్ణాటకలో బయటపడి, ఆ ఏడే తెలుగు రాష్ట్రాల మొక్కజొన్న చేలకూ పాకింది. కొత్త పురుగు కదా, ఫోటోలకు ఒకటే గిరాకీ. తెల్లవారుజామున చేలో బోర్లా పడుకుని, ఆకు అంచున ఉన్న లద్దె పురుగును ఎదురుగా తీశాను. తల మీద తిరగేసిన ఇంగ్లిష్ వై అక్షరం లాంటి గీత సూది మొనంత స్పష్టంగా వచ్చింది, వెనకంతా పచ్చగా కరిగిపోయింది. మా ఫోటోగ్రాఫర్ మిత్రులు ‘అదిరింది అన్నా’ అన్నారు. పుస్తకాన్ని సరిచూసే కీటక శాస్త్రవేత్త మేడమ్ మాత్రం కాసేపు తేరిపార చూసి, “ముచ్చటగా ఉందండీ. కానీ ఇది కత్తెర పురుగే అని నేను సంతకం పెట్టలేను” అన్నారు.

ఆవిడ వెతికిన గుర్తు వేరే చోట ఉంది. తోక దగ్గర, ఎనిమిదో ఉదర ఖండం మీద నాలుగు నల్ల చుక్కలు చతురస్రంగా ఉంటాయి. తల మీది గీత లీలగా ఇంకొన్ని లద్దె పురుగుల్లోనూ కనిపిస్తుంది కాబట్టి అదొక్కటీ చాలదు, ఆ చుక్కలూ కనబడాలి. అవి ఉండేది వీపు మీద. అంటే పైనుంచి తీయాలి. కొత్తగా కెమెరా పట్టినవాళ్లకు మేమందరం వద్దని చెప్పే కోణం సరిగ్గా అదే!

కోణం మార్చినంత మాత్రాన పని అయిపోదు. ఎదిగిన కత్తెర పురుగు పొడవు 30 నుంచి 40 మిల్లీమీటర్లు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ వెడల్పు 36. పురుగును దాని అసలు సైజులో పట్టాలంటే తలా తోకా ఫ్రేమ్‌లో ఇరుక్కుని కూర్చుంటాయి. ఆ దగ్గరలో ఎఫ్ 16 పెట్టినా ఫోకస్‌లో ఉండే మందం రెండు మిల్లీమీటర్లు దాటదు. అపర్చర్ ఇంకా మూస్తే బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. పోనీ పది ఫోటోలు తీసి ఒకటిగా కలుపుదామంటే చేలో గాలి ఊరుకోదు. ఇక మిగిలింది ఒకటే దారి, పురుగు వీపుకీ సెన్సర్‌కీ మధ్య దూరం తల నుంచి తోక దాకా ఒకటే ఉండేలా కెమెరా పట్టుకోవడం. తాకితే చుట్టుకుపోతుంది. అది తనంతట తాను సాగి నడిచేదాకా కాచుకోవాలి. ఆ ఫోటోకి మిత్రుల మెప్పు పెద్దగా దక్కలేదు. మేడమ్ సంతకం దొరికింది.

తరువాత పోస్టరు నమూనా పట్టుకుని వరంగల్ వైపు ఒక ఊరికి వెళ్లాం. ఒక పెద్దాయన దాన్ని చూసి, “సారూ, పురుగు గింత పెద్దగ కనవడేటాలకు చేను ఖతమైతది. ముందు మొవ్వుల పెంట కనవడ్తది. అది సూపియ్యున్రి” అన్నాడు. అక్షరాలా నిజం. పగలంతా పురుగు ఆకుల సుడిలో దాక్కుంటుంది. పైకి కనిపించేది చిరిగిన ఆకులు, సుడిలో తడిసిన రంపపు పొట్టులా పేరుకున్న విసర్జన. చివరికి పోస్టరులో పెద్ద బొమ్మ దానిదే అయింది, పురుగు మూలకు జరిగింది. నాకు వచ్చిన అభిప్రాయాలన్నింటిలో ఎక్కువమందికి పనికొచ్చింది ఆ పెద్దాయనదే. ఆయనకు అపర్చర్ అంటే తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు కుర్రాళ్లు తమ ఫోటోలు నాకు చూపిస్తుంటారు. ‘బాగుంది’, ‘షార్ప్‌గా లేదు’ అనే రెండు మాటలతో సరిపెట్టను. ముందు ‘ఇది ఎవరికి చూపించాలని తీశావు?’ అని అడుగుతాను. జవాబును బట్టే నా మాట. ఆ తరువాత రేపు పొద్దున చేయగల పని ఒక్కటి చెబుతాను. పెంకు పురుగు వీపు మీద ఫ్లాష్ తెల్లటి మచ్చగా కొట్టిందనుకోండి, ‘లైటింగ్ బాగాలేదు’ అంటే వాడికి ఒరిగేదేమీ లేదు. ఫ్లాష్‌ను దూరం జరిపితే వెలుగు మెత్తబడుతుందని చాలామంది భ్రమ. నిజానికి దగ్గరికి తేవాలి. తెచ్చి, ముందు పాల రంగు ప్లాస్టిక్ షీటు వంచి కట్టమంటాను. పురుగు వైపు నుంచి చూస్తే వెలుగు ఎంత వెడల్పుగా ఉంటే మచ్చ అంత పలచబడుతుంది.

ఒకబ్బాయి మామిడి ఆకు మీద ఎర్ర చీమ ఫోటో తెచ్చాడు. ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఆ చీమల జాతే అనుకున్నాడు. ముందు కాళ్లు ఫ్రేమ్ అంచుకు తగులుతున్నాయి, అక్కడిదాకా కత్తిరించెయ్యమని స్నేహితులు సలహా ఇచ్చారట. “కాళ్లు లెక్కపెట్టు బాబూ” అన్నాను. ఎనిమిది! మీసాల్లా గాల్లోకి ఎత్తి పెట్టినవి ముందు జత కాళ్లు. ముఖం మీద రెండు పెద్ద కళ్లు బల్బుల్లా ఉన్నాయి. అది చీమ కాదు, అసలు కీటకమే కాదు, చీమ వేషం కట్టిన గెంతే సాలీడు. మిత్రుల మాట విని కత్తిరించి ఉంటే ఆ వేషం బయటపడే సాక్ష్యం చెత్తబుట్టలోకి పోయేది.

మరీ కుదురుగా, ఒళ్లంతా ఒకే సైజు నీటి బొట్లతో, కదలిక లేని ఈగ కనిపిస్తే మాత్రం ‘ఫ్రిజ్‌లో పెట్టావా?’ అని నేరుగా అడుగుతాను. నేను తీసిన లద్దె పురుగును ఐదు నిమిషాల్లో రైతు కాలి కింద నలిపేస్తాడు, అది అతని పంట, అతని హక్కు. ఫోటో కోసం పురుగును గడ్డకట్టించి, మంచులో తడిసిన ఉదయం అని పేరు పెట్టడం వేరే సంగతి. అలాంటి ఫోటోకి నేను వెలుగు గురించి, కూర్పు గురించి ఏమీ చెప్పను.

మీలో ఎవరైనా పురుగు ఫోటో తీసి అభిప్రాయం అడగదలిస్తే, కత్తిరించని ఫ్రేమ్ పంపండి. ఏ మొక్క మీద, ఆకు పైనా కిందా, ఏ నెలలో, ఏ వేళప్పుడు తీశారో రాయండి. ఆ నాలుగు ముక్కలూ లేని ఫోటో ఎంత అందంగా ఉన్నా, శాస్త్రవేత్త దాని మీద సంతకం పెట్టరు.