సముద్రం కంటే పల్లమట!

సూట్‌కేసులో స్వెట్టర్లు సర్దుతున్న మనవరాలి పక్కనే కూర్చుంది అవనిగడ్డ నుంచి వచ్చిన అమ్మమ్మ. గుడివాడలో ఇంజినీరింగ్ చదువుతున్న ఆ పిల్లకి స్టూడెంట్ ఎక్స్ఛేంజ్ కింద నెదర్లాండ్స్‌లో ఓ సెమిస్టర్ చదివే అవకాశం వచ్చింది. వీసా అందింది. ఆవకాయ డబ్బాకి మూడు పొరల ప్యాకింగూ అయింది. అమ్మమ్మ మనసే ఇంకా సర్దుకోలేదు. ఆ దేశంలో నాలుగోవంతు నేల సముద్రం కంటే పల్లంలోనే ఉంటుందని ఎవరో చెప్పారు మరి!

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు తాటిచెట్టును కరచుకుని బతికిందామె. పోయినవాళ్లు పదివేల మందని లెక్కలు చెబుతాయి. ఆమెకు గుర్తున్నది చెయ్యి జారిపోయిన తమ్ముడే.

‘తెలిసి తెలిసి అలాంటి చోటికెందుకే తల్లీ?’

‘వాళ్లకీ 1953లో ఉప్పెనొచ్చింది అమ్మమ్మా. 1,836 మంది పోయారు. ఆ తర్వాత గట్లు కట్టుకున్నారు. 1986లో 62 తలుపులున్న అడ్డుకట్ట కూడా కట్టారు. తుపానొస్తే తలుపులు దించేస్తారు. అదెలాగో నేర్చుకోవాలనే వెళ్తున్నా. అయినా ఒకప్పుడు బట్టల వ్యాపారానికని డచ్చివాళ్లే మన బందరొచ్చారుగా. వాళ్ల సమాధులు మనం చూశాంగా!’

అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు.

‘ఆ సమాధుల్లో ఉన్నవాళ్లు తిరిగెళ్లలేదమ్మా. నువ్వు మాత్రం నేర్చుకుని తిరిగి రావాలి’ అంటూ సూట్‌కేసు జిప్పు తనే లాగింది.