గత్తపు కుప్పల వెంట

జ్యేష్ఠమాసారంభమున, తొలకరి యింకను పడకమునుపు, విజయనగరమునుండి ఉత్తరముగా పోవు పాసింజరు బండిలో కిటికీచెంత కూర్చున్నవానికి, నెల్లిమర్ల మొదలు పొందూరు వరకును దున్నిన ఎఱ్ఱనేలలపై వరుసగా పోసిన గత్తపు కుప్పలు కన్పట్టుచునే యుండును. ఎడ్లబండ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చినవే కాని, ఏరువాకకు ముందు గత్తము తోలు ఆనవాయితీ మాఱలేదు. ఈ కుప్పలను చూచుటకే వచ్చితినన్న నన్ను చూచి పెట్టెలోని తోటివారు నవ్వుకొనిరి.

నన్ను కదలించినవి హాలెండు దేశపు సంగతులు. అచ్చటి పాడిపశువులు ఆ నేల భరింపగలిగినదానికన్న అధికమగుటచే, మిగులు పేడను లారీలకెత్తి పొరుగున నున్న జర్మనీ పొలములకు సైతము పంపుదురు. పేడలోని నత్రజని నైట్రేటుగా మాఱి భూగర్భజలములలోనికి దిగుచుండుట గుర్తించి, ఐరోపావారు 1991లో శాసనము చేసి, నైట్రేటు బెడదగల ప్రాంతములలో పశువుల ఎరువుద్వారా హెక్టారునకు ఏటికి 170 కిలోల నత్రజని మించరాదని హద్దు పెట్టిరి. తగిన చర్యలు గైకొనలేదని 2018లో ఐరోపా న్యాయస్థానము జర్మనీని తప్పుపట్టెను. మనయందు హెక్టారునకు పది టన్నుల గత్తము వేయువాడే గట్టి రైతు. అందు నత్రజని నూటికి అరపాలు చొప్పున 50 కిలోలకు మించదు. ఇక మనకు భయమేల?

చీపురుపల్లిలో దిగి, ఊరి వెలుపలి మెట్టపొలములలోనికి నడచితిని. ఒక కుప్పను కఱ్ఱతో కదిలింపగా పైపొర బూడిదవలె పొడిపొడిగా రాలెను. లోపల నల్లగా, చేయి పెట్టిన వెచ్చగా నుండి, ముక్కుపుటములదరు ఘాటు వెలువడెను. ఆ ఘాటు అమ్మోనియా. అనగా రైతు మోసితెచ్చిన సత్తువలో కొంత కన్నులయెదుటనే గాలిపాలగుచున్నదన్నమాట. లోపల తెల్లని పురుగులు చుట్టలుచుట్టుకొని యుండెను. ఉద్దానపు కొబ్బరిరైతునకు శత్రువైన కొమ్ముపురుగు ఇట్టి పెంటకుప్పలలోనే గ్రుడ్లు పెట్టును.

గట్టున కూర్చున్న ముసలిరైతు, “గత్తం తోలి చాన్నాళ్లైపోనాది బాబూ! ఓ వానపడితే దాని సత్తువంతా బూమిలోకి దిగిపోతాది” అనెను. ఆయన మాట నిజమే, కాని దిగినది వేళ్లయొద్ద ఆగదు. నేలలోని సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. బంకమన్ను అమ్మోనియాను పట్టియుంచునే కాని, నైట్రేటును పట్టలేదు. విత్తు మొలకెత్తి వేరూనకమునుపే పెద్దవాన కురిసినచో, పీల్చుకొను పైరులేని ఆ నైట్రేటు నీటివెంబడి బావులలోనికి జాఱును. గత్తము వేసిననాడే దున్ని కలిపినచో గాలిలోనికి పోవు అమ్మోనియా మిగులును. విత్తుటకు కొంచెము ముందుగా మాత్రమే వేసినచో బావులకు దిగు నైట్రేటును తగ్గును. హాలెండులో చట్టము నిర్బంధించిన పని ఇచ్చట ఒక నాగలిచాలుతో తీరును.

మరల బండి యెక్కి, పొందూరు దాటి నాగావళిని దాటగా వరిచేల నేల వచ్చెను. అచ్చట నిలువనీటిలో నైట్రేటు చాలవరకు వాయువై గాలిలో కలియును గనుక బావులకు బెడద తక్కువ. అసలు చిక్కు ఉద్దానమనబడు సోంపేట, కవిటి ప్రాంతపు ఇసుకనేలలయందు. నీరు పోసిన పోసినట్లే దిగు ఆ నేలలో నైట్రేటునకు అడ్డేమున్నది? ఉద్దానమున పలువురిని పీడించు మూత్రపిండవ్యాధిని దీని నెత్తిన రుద్దుట మాత్రము న్యాయము కాదు; దాని కారణము శాస్త్రజ్ఞులకే యింకను తేలలేదు. కాని నైట్రేటు దోషము వేఱుగా కలదు. 1945లో అమెరికాలోని అయోవా వైద్యుడు హంటర్ కామ్లీ, బావినీటి నైట్రేటువలన పసికందుల దేహము నీలివర్ణము దాల్చుటను వెల్లడించెను. నీరు కాచిన పోవునందుమా, ఆవిరైనకొలది నైట్రేటు చిక్కబడునేగాని తగ్గదు.

ఇసుకనేల రైతు గత్తమును ఒక్కసారి గుమ్మరింపక, చెట్టు మొదట కొంచెము కొంచెముగా వేయుట మేలు. పెంటగొయ్యి బావికి దూరముగా, పల్లమువైపున నుండవలెను. త్రాగునీటిలో నైట్రేటునకు మన దేశపు ప్రమాణము లీటరునకు 45 మిల్లీగ్రాములు. గ్రామీణ నీటి సరఫరా విభాగమువారి ప్రయోగశాలలలో దానిని పరీక్షింతురు. పెంటకుప్పచెంతనున్న బావినీరు వాడువారు, విశేషించి పసిపిల్లలున్న ఇంటివారు, ఈ వానలు వెనుకబట్టగానే ఒక సీసాడు నీటిని అచ్చటికి పంపవలెనని నా మనవి.