అన్‌నోన్ టెర్మినల్

మొన్న జుమేరాత్ రాత్రి ఇషా నమాజ్ అయ్యాక, ఈ బ్లాగులోనే ఒక పాత పోస్టు సరిచేద్దామని కూర్చున్నా. అమ్మీ గురించి రాసిన పోస్టు అది. ‘అమ్మీ కళ్లు’ అని ఉండాల్సిన చోట ‘అమ్మీ కల్లు’ అని పడింది. ఐదు పూటలా నమాజ్ చదివిన మనిషి మా అమ్మీ, ఆమెకు కల్లు అంటగట్టానని ఒక దోస్త్ ఫోన్ చేసి ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు, షరమ్ వచ్చింది. ఇన్నేళ్లు తెలుగు రాసి బతుకుతున్నా, ఆ ‘ళ’ నన్ను ఇంకా వదల్లేదు.

ఈ బ్లాగు నెలనెలా కిరాయి కట్టే ఒక చిన్న సర్వర్ మీద నడుస్తుంది. ఏదైనా మార్చాలంటే లాప్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి, అక్కణ్ణుంచి సర్వర్‌లోకి పోయి, నల్ల తెర మీద అక్షరాలు కొట్టి పని చేసుకోవాలి. మౌస్ ఉండదు, బొమ్మలుండవు. నాకు ఆ నల్ల తెర ఇష్టం. కొత్త లాప్‌టాప్‌లో ఒక కొత్త టెర్మినల్ ప్రోగ్రామ్‌ను మా బిటియా వేసిచ్చింది. ఇంజినీరింగ్ చదువుతోంది. ‘రంగులు బాగుంటయ్ అబ్బా, అక్షరాలు సాఫ్‌గా కనిపిస్తయ్’ అంది. నిజమే, బాగున్నాయి.

సర్వర్‌లోకి పోయి తెర తుడుద్దామని ‘క్లియర్’ అని కొట్టా. తుడవలేదు. ఒక్క లైన్ జవాబొచ్చింది: ‘అన్‌నోన్ టెర్మినల్ టైప్’. ఎడిటర్ తెరవబోతే అదీ తెరుచుకోలేదు. రోజూ పోయే ఇంట్లోకి పోతే వాచ్‌మన్ కొత్తగా ‘ఆప్ కౌన్?’ అన్నట్టుంది.

బిటియాను పిలిచా. ఒకసారి చూసి నవ్వింది. ‘టర్మినల్ మే కుచ్ ఖరాబీ నై అబ్బా. ఉస్కు తుమారే టర్మినల్ కా నామిచ్ నై మాలూమ్.’ టెర్మినల్ బాగానే ఉంది, సర్వర్‌కు దాని పేరే తెలీదు, అంతే.

‘పేరు తెలీకపోతే పనే చేయదా?’ అన్నా. ఆ సవాల్‌కు జవాబు చెప్తూ రాత్రి పన్నెండు దాకా కూర్చోబెట్టింది. ఆమె చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి రాస్తున్నా.

మొదట్లో టెర్మినల్ అంటే ప్రోగ్రామ్ కాదు, సామాను. ఒక తెర, ఒక కీబోర్డు ఉన్న డబ్బా. అసలు కంప్యూటర్ ఇంకో గదిలో ఉండేది, మధ్యన తీగ. కంపెనీకొక డబ్బా, డబ్బాకొక జుబాన్. కర్సర్‌ను ఐదో వరుసలో పదో గడికి పంపాలంటే, డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100కి ఎస్కేప్, చదరపు బ్రాకెట్, 5, సెమికోలన్, 10, పెద్ద హెచ్ అని చెప్పాలి. లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏకి అదే పని చెప్పాలంటే ఎస్కేప్, ఈక్వల్ గుర్తు, తర్వాత వరుసకొక అక్షరం, గడికొక అక్షరం. ఒకదానికి చెప్పాల్సిన మాట ఇంకోదానికి చెప్తే తెర మీద కచరా పడుతుంది.

అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో బిల్ జాయ్ అనే ఆయన వీఐ అనే ఎడిటర్ రాస్తూ ఈ పరేషానీకి ఒక ఉపాయం చేశాడు. 1978 నాటి మాట. ఏ టెర్మినల్‌కు ఏమేం చేతనవును, ఏ పనికి ఏ మాట వాడాలి అన్నది ఒక పెద్ద ఫైల్‌లో పేరుపేరునా రాసిపెట్టాడు. దాని పేరు టర్మ్‌క్యాప్. క్యాప్ అంటే కేపబిలిటీ, మన మాటలో కాబిలియత్. తర్వాత మార్క్ హార్టన్ 1981-82లో దాన్ని ఇంకా వేగంగా చదవగలిగేలా మార్చి టర్మ్‌ఇన్ఫో చేశాడు. ఇప్పటి లినక్స్‌లో ఎన్‌కర్సెస్ అనే లైబ్రరీతో వచ్చే కితాబు ఇదే. థామస్ డికీ అనే ఆయన దశాబ్దాలుగా ఓపిగ్గా అందులో కొత్త పేర్లు ఎక్కిస్తూ, పాత తప్పులు దిద్దుతూ ఉన్నాడు.

ప్రోగ్రామ్ ఈ కితాబును నేరుగా చదవదు. దానికి కొన్ని ఫంక్షన్లున్నాయి. ‘టర్మ్’ అనే వేరియబుల్‌లో టెర్మినల్ పేరుంటుంది. సెటప్‌టర్మ్ అనే ఫంక్షన్ ఆ పేరు పట్టుకుని పోయి పేజీ తెరుస్తుంది. తెరిచాక మూడు రకాల సవాళ్లు అడగొచ్చు. ‘ఉందా, లేదా?’ అనడానికి టీఐగెట్‌ఫ్లాగ్. ‘ఎంత?’ అనడానికి టీఐగెట్‌నమ్, అంటే ఎన్ని గడులు, ఎన్ని రంగులు అని. ‘ఈ పని చేయమని నీకెట్లా చెప్పాలి?’ అనడానికి టీఐగెట్‌స్టర్. వచ్చిన మాటలో వరుస, గడి అంకెలు నింపడానికి టీపార్మ్. తెరకు పంపడానికి టీపుట్స్.

నన్ను ఆపేసింది సెటప్‌టర్మ్ ఇచ్చే జవాబులు. పేజీ దొరికితే 1. కితాబు ఉంది గానీ అందులో ఆ పేరు లేకపోతే 0. అసలు కితాబే దొరక్కపోతే -1. పేరు లేదంటే ‘నీకు చేతకాదు’ అని కాదు. నా టెర్మినల్‌కు వచ్చింది సున్నా. 256 రంగులు చూపించగల దాన్ని పట్టుకుని, తెర తుడవడం కూడా రానిదానితో సమానంగా కూర్చోబెట్టిన సున్నా.

2002లో నాకూ ఒక సున్నా వచ్చింది. పదో తరగతి దాకా పాలమూరులో సర్కారీ ఉర్దూ మీడియం. డిగ్రీ తెలుగు. హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్ల కోసం పిలిస్తే దరఖాస్తు పట్టుకుని పోయా. బల్ల అవతల ఉన్నాయన మొదటి కాగితం మీద పేరు చూసి, ‘మీకు తెలుగెట్లా వస్తది? ఏదన్నా ఉర్దూ పేపర్ చూసుకోండి’ అని కాగితాలు వాపస్ ఇచ్చేశాడు. డిగ్రీ సర్టిఫికెట్ రెండో కాగితం. ఆయన కాగితం తిప్పలేదు. బస్టాండ్ దాకా నడుచుకుంటూ వచ్చా. నాకు తెలుగు రాదేమో అని దారంతా నాకే అనుమానం.

టీఐగెట్‌నమ్‌ది ఇంకో హునర్. అడిగిన సంగతి ఉంటే అంకె చెప్తుంది. లేకపోతే -1. అది ‘ఎంత’ అని అడగదగిన సంగతే కాకపోతే -2, అంటే సవాలే గలత్ అని. ‘మీరు తెలుగువాళ్లా, ముస్లింలా?’ అని నన్ను రైళ్లలో అడిగారు, పెళ్లిళ్లలో అడిగారు, ప్రెస్ క్లబ్‌లో చాయ్ తాగుతూ అడిగారు. పాతికేళ్లుగా ప్రతిసారీ గొంతు సవరించుకుని చరిత్ర మొదలుపెట్టి సమజాయించేవాణ్ణి. -2 అని ఒక్క ముక్కలో చెప్పొచ్చని ఆ రాత్రే తెలిసింది.

ఆ కితాబులో నా దిల్‌కు బాగా తాకింది ఇంకోటుంది. కాబిలియత్‌ల మధ్యనే ఐబులు కూడా రాశారు. హేజెల్‌టైన్ అని ఒక టెర్మినల్ ఉండేది. దానికి టిల్డా గుర్తు, ఆ చిన్న అల గీత, చూపించడం రాదు. ఆ సంగతికి కితాబులో ‘హెచ్‌జెడ్’ అని ఒక గుర్తే పెట్టారు. దాన్ని చూసిన ప్రోగ్రామ్ ఆ టెర్మినల్‌ను బయటికి గెంటదు. టిల్డా బదులు ఇంకో గుర్తు వాడి పని నడిపిస్తుంది. మా ఇళ్లలో చాలామంది నోట ‘ళ’ పలకదు, ‘ణ’ పలకదు. పలకనిది రాతలోకీ దిగుతుంది, అట్లా కళ్లు కల్లు అవుతాయి. మా తెలుగు దోస్తులకు ‘ఖుదా’లో ఖ గొంతులోంచి రాదు, వాళ్లనెవరూ ఇంటర్వ్యూలో ఆపరు.

ఆగడం గురించీ రాశారు. కొన్ని పాత టెర్మినళ్లకు తెర తుడవడానికి టైమ్ పట్టేది. ఆలోగా అక్షరాలు పంపితే కొన్ని పోయేవి. అందుకని మాట పక్కనే ‘ఇన్ని మిల్లీసెకండ్లు ఆగు’ అని రాస్తారు, టీపుట్స్ ఆ లెక్కన ఆగుతుంది. డిగ్రీలో మా తెలుగు మేడం అట్లా ఆగేది. కుడి నుంచి ఎడమకు చదివి పెరిగిన కళ్లు నావి, ఒత్తుల దగ్గర తడబడేవి. క్లాసంతా నవ్వుతుంటే ఆమె మాత్రం పుస్తకంలోకి చూస్తూ, నేను వాక్యం పూర్తి చేసేదాకా ఏమీ అనేది కాదు. ఆ నాలుగు సెకండ్ల కర్జా ఇప్పటికీ తీరలేదు.

సరే, ఆ రాత్రి సంగతి. బిటియా రెండు ఇలాజ్‌లు చెప్పింది.

ఒకటి తేలిక. ‘టర్మ్’లో నిజం పేరు తీసేసి వీటీ100 అని పెట్టడం. ఆ పేరు అన్ని సర్వర్లకూ తెలుసు. పెట్టి చూశా. ఎడిటర్ టక్కున తెరుచుకుంది. కానీ రంగులన్నీ పోయాయి. రంగులెన్ని అని అడిగితే -1 వచ్చింది. తెర అదే, రంగులు దానిలోనే ఉన్నాయి. పెట్టుకున్న పేరుకు రంగుల్లేవు, అందుకని ఎవరూ అడగరు.

ఈ ఇలాజ్ నాకు కొత్త కాదు. తర్వాత ఇంకో పత్రికలో నౌకరీ దొరికింది. ఆదివారం సంచికకు బతుకమ్మ మీద రాశా. చిన్నప్పుడు మా గల్లీ అక్కలతో తంగేడు పూలకు పోయిన ముచ్చట. ఇన్‌చార్జికి నచ్చింది. ‘పేరొక్కటి మార్చుదాం. బతుకమ్మ మీద ఈ పేరెందుకు, లేనిపోని లొల్లి’ అన్నాడు. కలం పేరు పెట్టుకున్నా. రెండేళ్లు ఆ పేరుతో రాశా. పని నడిచింది, కాదనను. కానీ పూలు తెంపుతుంటే మా దాదీ గడప మీద నిలబడి ‘మగ్రిబ్ లోపు ఇంటికి రా’ అని కేకేసిన వాక్యం నా చేత్తోనే కొట్టేయాల్సి వచ్చింది. ఆ కలం పేరుకు దాదీ లేదు, మగ్రిబ్ లేదు.

రెండో ఇలాజ్ కొంచెం మెహనత్. నా లాప్‌టాప్‌కు తన టెర్మినల్ పేజీ తెలుసు. ఇన్ఫోకంప్ అనే కమాండ్‌తో ఆ పేజీని మామూలు అక్షరాల్లో రాయించి, సర్వర్‌కు పంపి, అక్కడ టిక్ అనే కమాండ్‌తో కితాబులోకి ఎక్కించాలి. ‘సర్వర్ యజమాని ఇజాజత్ కావాలి కదా?’ అన్నా. ‘నై అబ్బా, తుమారే ఘర్ మే రఖ్ లేవ్’ అంది. సర్వర్ పెద్ద కితాబు మీద రాసే హక్కు లేనివాడు తన సొంత హోమ్ డైరెక్టరీలో ఒక చిన్న టర్మ్‌ఇన్ఫో పెట్టుకోవచ్చు. వెతికేటప్పుడు సిస్టమ్ ముందు ఇంట్లో చూసి, తర్వాతే పెద్ద కితాబు దగ్గరికి పోతుంది.

ఒక్క లైన్ కొట్టింది. పేరు మార్చకుండానే ఎడిటర్ తెరుచుకుంది, రంగులతో సహా. ‘అమ్మీ కళ్లు’ అని దిద్దా. ఈ బ్లాగు మొదలుపెట్టిన రోజు గుర్తొచ్చింది. పత్రికలో కొట్టేసిన వాక్యాలు పెట్టుకోవడానికే దీన్ని మొదలుపెట్టా.

ఇక్కడితో ఆపేస్తే నేను మజ్లూమ్‌గా మిగిలి, నిద్ర హాయిగా పట్టేది. బిటియా పడుకోబోతూ ఇంకో మాట చెప్పింది. ఈ ఇంతెజామ్ మొత్తంలో ఒక లోపముందట. కితాబు పేరును నమ్ముతుంది గానీ ఎదురుగా ఉన్న టెర్మినల్‌ను ఏమీ అడగదు. ఆ కాలంలో అన్ని డబ్బాలూ జవాబు చెప్పగలిగేవి కావు, అందుకే కితాబు. ఇప్పుడు చాలా టెర్మినళ్లు ‘నువ్వెవరు, నీకేం వచ్చు?’ అని నేరుగా అడిగితే తీగ మీదే జవాబు చెప్తాయి. అడిగేవాడుండాలి, జవాబొచ్చేదాకా కొంచెం ఆగాలి.

ఆ మాటకు నిద్ర పట్టలేదు. మూడేళ్ల కింద నేను జిల్లా డెస్క్ చూస్తున్నప్పుడు ఒక తండా నుంచి ఒక లంబాడా పిల్లగాడు వార్తలు పంపేవాడు. ఫోన్‌లో అతని యాస విని, ‘వీడు సమాచారం ఇస్తాడు, కాపీ రాయలేడు’ అని పైవాళ్లకు నేనే చెప్పా. ఏడాది పాటు అతను ఫోన్‌లో చెప్పేవాడు, వేరే వాళ్లు రాసేవాళ్లు, పేరు వాళ్లది పడేది. నేనతని కాపీ ఒక్కటి కూడా చూడలేదు. రెండో కాగితం తిప్పని పెద్దమనిషిని ఇరవై ఏళ్లు తిట్టుకున్నవాణ్ణి నేనే.

ఫజర్ అయ్యాక ఆఫీసు టైమ్ దాకా ఆగి ఫోన్ చేశా. గుర్తుపట్టాడు. ‘నువ్వు రాస్తావా?’ అని అడిగా.

‘స్కూల్ల ఉన్నప్పటి సంది రాస్తున్న సార్. మీరు అడగలే’ అన్నాడు. గొంతులో కోపం లేదు, అది ఇంకా తక్లీఫ్ ఇచ్చింది.

మధ్యాహ్నం వాట్సాప్‌లో ఒక పేజీ వచ్చింది. తండాకు రాని మిషన్ నీళ్ల మీద. రెండు చోట్ల ఒత్తులు తప్పాయి. వార్త మొదటి వాక్యంలోనే ఉంది. మాఫీ అడిగా. ‘అయ్యో పర్లేదు సార్’ అన్నాడు. పర్లేకుండా ఎట్లుంటుంది.

ఫోన్ పెట్టేశాక చూస్తే, నా ఫోన్‌లో అతని నంబరు ‘తండా స్ట్రింగర్’ అని ఉంది. తీసేసి, అతని పేరు రాసుకున్నా.