ట్యూబు ముందు అఖ్రోట్, వెనక చర్బీ?

ఉదయగిరిలో మా ఖాలా కూతురికి వచ్చే జుమ్మాకి నికాహ్. ఆత్మకూరు బజారులో చవగ్గా దొరికిందని ఫేస్ స్క్రబ్ తెచ్చుకుంది. "ఆపా, ఇది హలాలేనా?" అని అడిగింది.

ముందు పెద్ద అఖ్రోట్ బొమ్మ. వెనక జాబితాలో దాని పెంకు పొడి ఏడో పేరు. 1 శాతం దాటినవాటిని ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలన్నది కానూన్. పైన ఉన్నవి నీళ్లు, గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్. ఈ చివరి రెండూ పామాయిల్ నుంచీ వస్తాయి, జానవర్ చర్బీ నుంచీ వస్తాయి. పేరు చూసి తేల్చలేం, కంపెనీనే అడగాలి.

ఇక గరుకు సంగతి. ఉదయగిరి కారీగర్లు చెక్క చెంచాని రుద్ది రుద్ది నునుపు చేస్తారు. చెహరా చెక్క కాదు, మొటిమల మీద రుద్దితే జఖం అవుతుంది. నికాహ్ వారంలో కొత్తదేదీ వద్దన్నాను. అలవాటైన బేసన్, పెరుగు చాలు. వాటి జాబితా మన బావర్చీఖానాలోనే ఉంది.